యాపమండ కట్టిన అర్ర

పోయిన వారం మా మునిమనుమరాలికి తల్లి పోసింది. డాక్టరు దానికి ఇంగ్లీషుల ఏదో పేరు చెప్పి, నీళ్లపొక్కులే, భయపడేదేం లేదని మందు రాసిచ్చి పంపిండు. మందు మందే, మర్యాద మర్యాదే గదా, అందుకని నేను కంఠేశ్వర్ గుడి పక్క సందుల నుంచి యాపమండలు తెప్పిచ్చి మా ఫ్లాటు తలుపుకు కట్టిన. కొత్త దారం దండుగని, ఎన్నడో పార్సిలుకు చుట్టి వచ్చిన సుతిలి విప్పి దాచిపెట్టి ఉంటే అదే అక్కెరకొచ్చింది. మా మనుమని భార్య లోపల్లోపల నవ్వుకుంటనే సుతిలి కొస పట్టుకున్నది.

మండలు కట్టిన పొద్దే బెల్లు మోగింది. తలుపు తీస్తే పార్సిళ్లు తెచ్చే ఆయన, యాపాకును మోచేత్తోని పక్కకు జరిపి మల్లొకసారి బెల్లు కొట్టబోతున్నడు. తల్లి పోసిన ఇల్లు నాయ్నా, జర ఎడంగ నిలబడు అని నేనంటే, "సరే గని ఓటీపీ చెప్పవ్వా" అన్నడు. నాకు నవ్వాల్నో తిట్టాల్నో తెలువలేదు. యాపమండను చూసి మనిషి ఆగే కాలం పోయింది. ఆ మండను చూసి తుపాకులు ఆగిన పొద్దు ఒకటి నా కండ్ల ముందట జరిగింది గనుక, నాకు ఆ చిన్న ముచ్చటే మనసుల ముల్లు లెక్క కుచ్చుకున్నది.

దానికి తోడు ఆ పిల్ల ఇంకో ముల్లు గుచ్చింది. జ్వరం దిగినంక పడక మీద ఊరికే ఉండలేక పుస్తకాలు ముందటేసుకున్నది. పంద్రాగస్టుకు బడిల ఏదో రాసుకరమ్మన్నరట, దేశాన్ని విడిపిచ్చుకున్న పోరాటంల ఆడవాళ్లు ఏం చేసిన్రో ఇంట్ల పెద్దోళ్లను అడిగి రాయాలెనట. నా చెంపల మీద గుంటలున్నయి, చిన్నప్పుడు పెద్ద తల్లి, అదే మశూచి, పోసి మిగిలినయి. ఆ గుంటలల్ల వేలు పెట్టి ఆడుకునుడు ఆ పిల్లకు పాలు తాగేనాటి నుంచి అలవాటు. అట్లనే వేలు పెట్టి, "ముత్తవ్వా, అప్పుడు నువ్వేం చేసినవ్?" అని అడిగింది. మందు మింగి పండుకో అని కసిరిన. కసిరి, ఫ్యాను బందు చేసి, బయటికొచ్చి కూసున్న గని ఆ మాట నన్ను కూసోనియ్యలేదు.

నేను చదువుకున్నది ఎక్కువేం కాదు, ఉర్దూ బడిల రెండో జమాత్ దాక పోయిన, తర్వాత తెలుగు అక్షరాలు మా బాపు నేర్పిండు. అందుకని నేను చెప్పేది పుస్తకాలల్ల రాసినట్టు ఉండకపోవచ్చు. మన ఈడోళ్లు చదివితే అర్థమైతది, అంతే చాలు.

అప్పుడు మేం చందూరు దిక్కు ఒక పల్లెల ఉంటుంటిమి. దేశానికి స్వరాజ్యం వచ్చిందని విన్నం గని మాకు రాలేదు. మాది నిజాం రాజ్యం, పైంగ రజాకార్ల జమానా, మూడు రంగుల జెండా పేరు ఇంట్ల గూడ గట్టిగ అనేది లేకుండె. మా బాపు, మా బాబాయి సరిహద్దు అవతలి క్యాంపులకు పోయి కలిసిన్రు. మా అమ్మ కానుపుకని తల్లిగారింటికి పోయి దారులు మంచిగ లేక అక్కడనే ఆగిపోయింది. ఇంట్ల మిగిలింది మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, మా చిన్నమ్మ, చిన్నమ్మ చంకల పసిది, నేను. ఊరంతా అట్లనే, ఏ ఇంట్ల చూసినా ఆడోళ్లే. పోయినోళ్లు ఏం చేసిన్రో తర్వాత అందరు చెప్పిన్రు, మీరు గూడ వినే ఉంటరు. ఉన్నోళ్లు ఏం చేసిన్రంటే, ఉన్నరు. ఆ దినాలల్ల ఇంట్ల ఉండుడే పెద్ద పని.

మా ఇంటి వెనుక గోడ దాటితే చెరుకే. నిజాంసాగరు కాలువ నీళ్లు తాగి ఆ యేడు ఏనుగు నిలబడితే కనపడనంత లేచింది. మీల ఎవరన్న బోధన్ దిక్కు పుట్టినోళ్లుంటే ఎరుకే, వానలు వెనుకపట్టిన కాలంల నడి మధ్యాహ్నం చెరుకుతోట ఎట్లుంటదో. గాలి ఇంత గూడ ఉండదు, అయినా ఆకు ఆకును రాసుకుంట గుసగుస పెడ్తనే ఉంటది. నాలుగు సాల్లు లోపలికి పోతే ఎక్కడి నుంచి వచ్చినమో దిక్కు తప్పుతది. లోపల ఎవరన్న నడుస్తుంటే ఎంత దూరంల ఉన్నరో చెవికి చిక్కది, పక్కనే ఉన్నట్టుంటది, మల్ల ఎక్కడ లేనట్టుంటది. చెరుకు నరికే కాలం కాదు గనుక బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత గూడ వినపడకపోతుండె. కూత ఉంటే పొద్దు నడుస్తున్నట్టుండేది, కూత లేని ఆ మధ్యాహ్నాలు ఎవరో చెవులు మూసినట్టు నిలబడిపోయేటివి.

ఇక్కడ నుంచి నేను చెప్పేదాంట్ల సగం నేను చూసింది, సగం ఎన్నో ఏండ్లకు చిన్నమ్మ చెప్పంగ తెలిసింది. రెండూ కలిపే చెప్త, లేకపోతే ముచ్చట కుదరది.

మాకు గాజులు ఎక్కిచ్చే ఆమె ఒకతె ఉండె, అందరం ఖాలా అని పిలుస్తుంటిమి. బోధన్ల పాత ముసల్మాన్ల ఇంటామె, గాజుల గంప నెత్తిన పెట్టుకోని ఊరూరు తిరిగేది. గాజులామెను ఎవరు ఆపుతరు, దొరసాని ఇంట్లకు పోతది, కూలిదాని గుడిసెలకు పోతది, పెండ్లి ఇంట్ల చెయ్యి పడ్తది, కానుపు ఇంట్ల చెయ్యి పడ్తది. అందుకే ఏ ఊరి మీదికి రజాకార్ల దండు వస్తున్నదో మగోళ్లకన్న ముందు ఆమెకు తెలిసేది, చేతికి గాజు ఎక్కిచ్చుకుంట, నొప్పి పుట్టకుండ వేళ్లు పిసుక్కుంట, చెవుల చెప్పిపోయేది. ఆమె ఒకనాడు పొద్దున తన బురఖా తొడిగిచ్చి ఇంకొకామెను తోలుకోని వచ్చింది. వచ్చినామె వయసు పిల్ల, పెండ్లి గూడ కాలేదట, ఊరూరు తిరిగి ఆడోళ్లతోని పాత చీరెల కొంగులు చింపిచ్చి జెండాలు కుట్టిచ్చేదట. ఆ జెండానే ఒకటి పట్టపగలు సర్కారు నాకా చౌకి కప్పు మీద కట్టి దుంకి దిగుతుంటే రేకు కోసుకోని కుడికాలు పగిలింది. ఆమె కోసం దండు ఇల్లిల్లు వెతుకుతున్నది. దొరికితే ఆమె ప్రాణం ఉండది, దాచినోళ్ల ఇల్లు ఉండది. కాలు నడిచేటట్టు అయ్యేదాక దాచితే చాలు, తర్వాత అవతలి ఊరోళ్లు కాలువ కట్ట మీద అందుకుంటరని ఖాలా చెప్పింది.

ఎక్కడ దాచాలె? గాదెలల్ల ఈటెలు పొడిచి చూస్తున్నరు, గడ్డివాములకు అగ్గి పెడుతున్నరు. మా అవ్వ, పడమటి అర్రకు యాపమండలు కడదాం, తల్లి పోసిందని చెప్దాం అన్నదట.

మా చిన్నమ్మ పసిదాన్ని గట్టిగ పట్టుకున్నది. "తల్లి పేరు మీద అబద్ధమా అత్తమ్మా? పిలువంగ పిలువంగ నిజంగనే వస్తే?"

"వస్తే కూసుంటది. ఇంట్ల అందరం ఆడోళ్లమే, ఆమెకేం ఇబ్బంది" అన్నది అవ్వ.

ఖాలా గంప ఎత్తుకుంట, "నీ అత్త దగ్గరికి యముడు వచ్చినా గిట్లనే వాకిట్ల నిలబెట్టి పని చెప్తది పో" అన్నదట. గంత భయంల గూడ ముగ్గురు నవ్విన్రట.

మా అవ్వ సంగతి చెప్పాలె. ఆమె అబద్ధం చెప్పదు, చెప్పాల్సి వస్తే దాన్ని నిజం చేసి చెప్తది. అర్రను పేడతోని అలికింది, గడపకు పసుపు పూసింది, బయట మట్టి కంచుడుల పసుపునీళ్లు పెట్టింది. ఆ దినం నుంచి ఇంట్ల తాళింపు లేదు, నూనె లేదు, తలదువ్వుడు లేదు, ఎవరికి నిప్పు ఇచ్చుడు లేదు. పొద్దుగాల పెరుగన్నం అర్ర ముందు పెట్టి, "నీ పేరు వాడుకుంటున్న తల్లీ, అందుకని నీ జాగ నీకు ఇచ్చిన, కోపం చెయ్యకు" అని మొక్కేది. జెండా కట్టి వచ్చిన ఆ అక్క మొకానికి, కాళ్లకు, చేతులకు పసుపు, యాపాకు ముద్ద పూసి, బెల్లం పాకం చుక్కలు చుక్కలుగ అంటిచ్చింది. ఆరినంక ఆ చుక్కలు అచ్చం పొక్కుల లెక్కనే ఉండేటియట. బెల్లానికి చీమలు పడ్తయి గదా, గోడ నుంచి గడప మీదుంగ చీమల బారు అర్రలకు పోయేది, ఆ అక్క పాపం దులుపుకుంట కూసునేదట.

నాకు మాత్రం ఇవేవీ చెప్పలేదు. కాలువకు పోయి బిందె నింపుకోని వచ్చేవరకు అర్రకు మండలు కట్టి ఉన్నయి, తలుపుకు అడ్డంగ పాత గొంగడి వేలాడ్తున్నది. అవ్వ నన్ను గడప మీద కూసోబెట్టి, చేతికి యాపకొమ్మ ఇచ్చి, లోపల తల్లి వచ్చి కూసున్నది, కోళ్లను, ఈగలను రానియ్యకు, తొంగి చూడకు అన్నది. నేను నమ్మిన. నమ్మక ఏం చేస్త, అవ్వ చెప్పినంక పొద్దు పడమట పొడిచినా నమ్మే ఇల్లు మాది. పిల్లలకు అబద్ధం నేర్పితే కండ్లల్ల తెలిసిపోతదని, నమ్మిన నోటికే బలముంటదని అవ్వ ఉద్దేశమట.

గడప మీద కూసుంటే లోపల తల్లి దగ్గేది. నీళ్లు తాగేది. నడి మధ్యాహ్నం ఊరు సద్దుమణిగినప్పుడు గొంతు లోపలనే ఏదో పాట తీసేది, మాటలు తెలువకపోయేటివి. గొంగడి అంచు కిందికెల్లి నాకు ఆమె పాదాలు కనపడేటివి, పసుపు పచ్చగ, కుడి పాదానికి గుడ్డ కట్టి ఉండేది. ఎంత దూరం నడిచి వచ్చిందో ఏమో, తల్లికి గూడ కాలు పుండైతదా అని నాకు జాలి పుట్టి, ఒకనాడు నా వంతు రొట్టెల సగం గొంగడి కిందికి నూకిన. పసుపు చెయ్యి ఒకటి వచ్చి రొట్టెను లోపలికి తీసుకున్నది. నేను వెనుకకు జరిగి, మల్ల ముందుకు వచ్చి కూసున్న. భయమూ, ప్రేమా రెండూ ఒక్కతీరుగ ఉంటయని నాకు అక్కడనే తెలిసింది.

దండు వచ్చిన దినం సంగతి ఇది.

ఆ పొద్దున అవ్వ నన్ను బట్టలు పిండుకరమ్మని కాలువకు తోలింది. నేను పోయినంక, మా చిన్నమ్మ పసిదాన్ని అవ్వ చేతుల పెట్టి, ఆ అక్కను భుజం పట్టుకోని వెనుక గోడ దాటిచ్చి చెరుకులకు తీసుకపోయింది. కాలు ఇంక పూర్తిగ మానలేదు, కుంటుకుంట, ఆగుకుంట కాలువ కట్ట దాక పోవాలె. అర్ర ఖాళీ అయింది. అవ్వ మండలు విప్పలేదు, గొంగడి తీయలేదు, నాకు చెప్పలేదు. నేను తిరిగొచ్చి ఎప్పటి తీరుగ గడప మీద కూసున్న.

కొంచెంసేపటికి నాకు చీమలు కనపడ్డయి. దినాం గడప దాటి లోపలికి పోయే బారు, ఆ దినం గడప మీది పసుపు గీత దాక వచ్చి, అక్కడనే ఆగి, ఒకదాని మీద ఒకటి పడుకుంట వెనుకకు మర్లుతున్నయి. నేను వంగి చూస్తుంటే లోపల పాట మొదలైంది. ఎప్పటి పాటనే. కాకపోతే ఎప్పుడు ఒక గొంతు ఉండేది, ఇప్పుడు వెనుక నుంచి ఇంకో గొంతు అందుకున్నట్టు, దాని వెనుక ఇంకోటి, పక్క వాడకట్టుల ఆడోళ్లు విసురురాయి దగ్గర పాడితే గోడవతల ఎట్ల వినపడ్తదో అట్ల. గొంగడి కిందికెల్లి పాదాలు చూసిన. పసుపు పచ్చగనే ఉన్నయి. గుడ్డ కట్టు లేదు. కుడి పాదం నున్నగ ఉన్నది, కాళ్లకు కడియాలున్నయి. తల్లికి పుండు మానిందని నాకు సంబురమైంది. అప్పుడు నాకు భయం పుట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే పుడుతున్నది.

బయట కుక్కలు మొరిగి, అంతల్నే ఒక్కసారి ఊకున్నయి. దండు వాకిట్లకు వచ్చింది. అందరికన్న ముందున్నాయన పొడుగు మనిషి, ఖాకీ బట్టలు, కాళ్లకు బూట్లు. బోధన్ దిక్కు మనిషే, మన తీరుగనే మాట్లాడ్తుండె. అవ్వ పసిదాన్ని భుజానేసుకోని వంటింటి తలుపుకాడ నిలబడ్డది. ఆమె మొకం నాకు ఇప్పటికి యాదికున్నది, సున్నం కొట్టిన గోడ లెక్కుండె. నాకేం ఎరుక, ఆమెకు ఎరుక: ఆ గొంగడి లేపితే ఖాళీ చాప, పసుపు అంటిన గుడ్డ కట్లు కనపడ్తయి, ఇప్పుడే ఎవరో లేచిపోయిన్రని ఎవరికన్న తెలుస్తది, వెనుక గోడ దాటితే చెరుకులనే కుంటుకుంట పోయే ఆ అక్క, ఆమెతోని నా చిన్నమ్మ. అర్రల మనిషి ఉన్న దినాలకన్న, లేని ఆ దినమే మాకు ఎక్కువ గండం.

తల్లి పోసిన ఇల్లు, ఎడంగ ఉండుండ్రి అని అవ్వ అన్నది. ఆయన అవ్వను చూడలేదు, నన్ను చూసిండు.

"లోపల ఎవరున్నరు పిల్లా?"

"తల్లి ఉన్నది."

"నువ్వు చూసినవా?"

"కాళ్లు చూసిన. నిన్నటిదాక పుండుండె, ఇప్పుడు మానింది. పాడుతున్నది గదా, నీకు వినపడ్తలేదా?"

వెనుకున్నోళ్లు నవ్విన్రు. ఆయన నవ్వలేదు. తల పక్కకు వంచి, చెవి పెట్టి విన్నడు. అవ్వ గూడ విన్నది, ఆమె భుజం మీద పసిది కదలకుండ అర్ర దిక్కే చూస్తున్నది. ఆయన ఒక అడుగు ముందుకేసి బూటుకాలు గడప మీద పెట్టబోతే, నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అంతసేపు కోళ్లను రానియ్యలేదు, ఈయన బూట్లతోని పోతడా?

"బూట్లు ఇడిచి పో" అన్న.

"సర్దారుకు హుకుం అయింది రో" అని ఒకడు వెనుకకెల్లి పరాచికమాడిండు.

ఆయన తుపాకీ కొనతోని గొంగడి పక్కకు లేపి, తల లోపలికి పెట్టిండు.

మాకు ఆయన వీపే కనపడ్తున్నది. ఎంతసేపు అట్ల నిలబడ్డడో నేను చెప్పలేను, పాట మాత్రం ఆగిపోయింది. చెరుకుతోట గుసగుస గూడ ఆగినట్టయింది. ఆయన చేతుల తుపాకీ మెల్లమెల్లగ కిందికి వంగి కొన నేలకు తాకింది. తర్వాత ఆయన వెనుకకు మర్లకుండనే, దర్గాల నుంచి బయటికొచ్చేటోళ్ల లెక్క వెనుకడుగులేసుకుంట వచ్చి, నా పక్కన మట్టిల కూలబడి, బూట్ల తాళ్లు విప్పుకున్నడు. వెనుకోళ్లు ఏమైంది ఏమైంది అంటే, "చేచక్ హై. చలో" అన్నడు, పెద్ద తల్లే ఉన్నది పదుండ్రి అని, అంతే. బూట్లు చేతుల పట్టుకోని ఉత్త కాళ్లతోని మా వాకిలి దాటిపోయిండు. ఆయన వెనుకనే అందరు బండ్లబాట పట్టిన్రు. చెరుకు దిక్కు ఒక్కరు గూడ చూడలేదు.

చప్పుడు దూరమైనంక అవ్వ వచ్చి గొంగడి లేపింది. నేను గూడ ఆమె కొంగు పట్టుకోని మొదటిసారి లోపలికి చూసిన. చాప, నీళ్ల ముంత, వాడిన యాపాకు, గుడ్డ కట్లు. మనిషి లేదు. గోడపొంటి, అలికిన నేల మీద, అక్కడక్కడ యాపాకు నలిగి ఉన్నది, ఎవరో కూసోని లేచిన తీరుగ. అవ్వ మెల్లగ గోడకు ఆనుకోని కూసున్నది.

"ఎవరు పాడిన్రే?" అని అడిగింది.

"తల్లి."

"ఒక్కతేనా?"

శానమంది లెక్కున్నది అన్న. పొద్దు గూకే యాల్లకు చిన్నమ్మ కాళ్ల నిండ చెరుకాకు కోతలతోని వచ్చి, అప్పజెప్పి వచ్చిన అత్తమ్మా అని చెప్పి ఏడిస్తే అవ్వ ఆ కోతలకు పసుపు అద్దింది. మండలు ఎప్పుడు విప్పాల్నో అప్పటిదాక విప్పలేదు, ఆ ఖాళీ అర్రకు పెరుగన్నం పెట్టుడు ఆపలేదు, కడపటి దినం నీళ్లు చల్లి, పోచమ్మకు పోయి మొక్కి వచ్చింది. సగంల ఎల్లగొడితే ఎవరికైన కోపమొస్తది అన్నది.

మిలిటరీ వచ్చింది, రాజ్యం మారింది, ఆ యేడు బతుకమ్మ మీద మా ఊరి ఆడోళ్లు చీరె కొంగుల జెండాలు కుచ్చిన్రు. ఆ అక్క దూరాన ఎక్కడనో పెండ్లి చేసుకోని మంచిగనే ఉన్నదని ఖాలా చెప్పింది, మల్ల మేం చూడలేదు. ఆ తర్వాతి ఎండకాలంల నాకు నిజంగనే పెద్ద తల్లి పోసింది. ఇంట్ల నాకు ఒక్కదానికే. నన్ను ఆ పడమటి అర్రలనే పండబెట్టిన్రు, ఈసారి గడప మీద యాపకొమ్మ పట్టుకోని అవ్వ కూసున్నది. "వచ్చినవా, కూసో. ఇల్లు ఎరుకున్నదే గదా. పసిదాని దిక్కు చూడకు, దీన్ని తీసుకపోకు" అని ఆమె ఎవరితోనో ఇరుగుపొరుగు ఆడిమనిషితోని మాట్లాడినట్టు మాట్లాడ్తుంటే విన్న. జ్వరంల కండ్లు తెరిచినప్పుడల్ల గోడపొంటి ఎవరో కూసున్నట్టు, నా కోసం ఆ పాట తీస్తున్నట్టు ఉండేది. అది జ్వరం పనే అనుకుందాం. నేను బతికిన, గుంటలు మిగిలినయి. పెండ్లి కష్టమైతదని, అప్పటికి తల్లిగారింటి నుంచి తిరిగొచ్చిన మా అమ్మ ఏడిస్తే, మొకం పోయింది గని మనిషి ఉన్నది, గదే లాభమనుకో అని అవ్వ కసిరింది.

ఆ పొడుగాయన దండు ఇడిచిపెట్టి, తర్వాత బోధన్లనే బీడీలు చేసుకుంట బతికిండు. ఎవరింట్లకు పోయినా బయటనే చెప్పులిడిచి పోయేటోడట, సొంత ఇంట్లకు గూడ. ఆయన తల్లికి ఖాలానే గాజులు ఎక్కిచ్చేది. ఆనాడు ఏం చూసినవురా అని తల్లి ఎన్ని దినాలు అడిగినా చెప్పక, ఆమె చావుమంచం మీద ఉన్నప్పుడు చెప్పిండట, ఆమె ఖాలాకు చెప్పింది, ఖాలా మా అవ్వకు చెప్తుంటే నేను పక్కన గాజులు తొడిగిచ్చుకుంటున్న. రోగమున్న మనిషి ఎవరు లేకుండెనట. అర్ర నిండ ఆడోళ్లట. గోడలపొంటి బారుగ కూసున్నరట, ముసలోళ్లు, వయసోళ్లు, బురఖాలోళ్లు, బోడిగుండ్లోళ్లు, కాళ్లకు కడియాలున్నోళ్లు. ఎవరు లేవలేదట, ఎవరు మాట్లాడలేదట. గొంగడి లేపంగనే పాట ఆపి, అందరు ఒక్కసారి తలలెత్తి ఆయన దిక్కు చూసిన్రట. చూసి, ఆయన కాళ్ల దిక్కు చూసిన్రట.

అవ్వ అంతా విని, "మా అర్రల గంతమందికి జాగెక్కడిది" అన్నది. అని, లేచిపోయి ఆ అర్ర గడపకు పసుపు పూసింది.

కొన్నేండ్లకు సర్కారు మనుషులు వచ్చి పోరాడినోళ్ల పేర్లు రాసుకున్నరు. మా బాపు పేరు, బాబాయి పేరు అవ్వనే చెప్పింది. నువ్వేం చేసినవమ్మా అని వాళ్లు మర్యాదకు అడిగితే, ఇల్లు కావలున్న అన్నది. వాళ్లు నవ్వి కలం జేబుల పెట్టుకున్నరు. తర్వాత రాయి మీద పేర్లు చెక్కిచ్చిన్రు, అందుల చిన్నమ్మ లేదు, ఖాలా లేదు, జెండా కట్టిన ఆ అక్క గూడ లేదు. చిన్నమ్మ మనసు కష్టపెట్టుకుంటే, రాయి మీద పేరుకు ఏటేటా సున్నం ఖర్చు, మనకెందుకు అని అవ్వ తీసిపారేసింది. అట్ల అన్నది గని, జెండా పండుగ రోజు ఆ అర్ర ముందట మాత్రం పెరుగన్నం పెట్టకుండ ఉన్నది లేదు.

ఇప్పుడు అవ్వ లేదు, చిన్నమ్మ లేదు, ఖాలా గాజుల గంప లేదు. ఊర్ల ఇల్లు కూలగొట్టి చెరుకు తీసేసి వరి పెట్టిన్రు. ఫ్యాక్టరీ కూత గూడ ఎన్నడో ఆగిపోయింది. మధ్యాహ్నం మా ఫ్లాట్ల ఎవరి పనికి వాళ్లు పోయినంక నేను, ఆ పిల్ల ఉంటం. దాని అర్ర ముందట కూసుందామని పోతే, ఈ ఇండ్లల్ల లోపలి అర్రలకు గడపలే లేవు. బండ సాపుగ అటు నుంచి ఇటు పరుచుకున్నది. ప్లాస్టిక్ పీట ఒకటి తెచ్చుకోని, గడప ఉంటే ఎక్కడ ఉండునో అక్కడ వేసుకోని, తలుపు నుంచి రాలిన యాపాకు చేతుల పట్టుకోని కూసున్న. చెవి పెట్టి విన్న. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ పిల్ల లేచి, పుస్తకం తీసి, మల్ల అదే అడిగింది. రాసుకో అన్న, మా ముత్తవ్వ గడప మీద కూసున్నది అని రాసుకో.

"గంతేనా?"

"గంతే. బూట్లతోని వచ్చినోన్ని ఇడిచి పొమ్మన్నది అని గూడ రాయి."

రాసుకున్నది. గడప అంటే ఏంది ముత్తవ్వా అని అడిగింది. చూపెట్టనీకి ఇల్లంతా వెతికిన. మా ఇంట్ల ఎక్కడ లేదు. వచ్చేటోళ్లు ఒక్క క్షణం ఆగి, కాళ్ల దిక్కు చూసుకోని, లోపల ఎవరున్నరో అని ఆలోచించే జాగ ఒకటి ఉండేది బిడ్డా అని మాటలతోనే చెప్పిన. దానికి ఎంత అర్థమైందో నాకు తెలువదు. పుస్తకంల మాత్రం ఒక అడ్డగీత గీసి, దాని పక్కన చిన్నగ నన్ను కూసోబెట్టింది.